నీ సీటు ఎత్తు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పోయినేడు నువ్వు పేరిచ్చి, జ్వరంతో పోలేకపోయిన సైకిల్ యాత్రకు ఈసారి నేను వచ్చాను, నీ సైకిల్ మీదే. ఉరవకొండలో బయలుదేరి, చెట్లు నాటమని ఊరూరా చెప్పుకుంటూ వస్తున్నాం. ఈరోజు కదిరి దారిలో కొండ ఎక్కాం.

సగం ఎత్తుకే నా మోకాళ్లు పట్టేశాయి. పెడల్ కిందికి పోయినప్పుడల్లా కాలు అందక ఒళ్లంతా పక్కకు వాలుతోంది. మా జట్టులో పంక్చర్లు వేసే మస్తానన్న అది చూసి స్పానర్ తీశాడు.

"సీటు ఇంత ఎత్తుండాది, కాళ్లు యాడ అందుతాయమ్మా? దించుతా ఉండు."

"వద్దన్నా. అది మా అన్న పెట్టుకున్న ఎత్తు."

"కొండెక్కాల్సింది నువ్వు గదమ్మా!"

నువ్వు బిగించిన చోట సీటు కడ్డీ చుట్టూ తుప్పు గీత పడి ఉంది. కడ్డీతోపాటు ఆ గీత గొట్టంలోకి దిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆపలేదు.

ఆ తర్వాత కొండ సులువుగా ఎక్కేశాను. అవతలి దిగుడులో అందరికంటే ముందు, చున్నీ ఎగురుతుంటే, అరుచుకుంటూ దిగాను. కింద బ్రేకు వేసి, ఇన్నాళ్లూ అందని నేల కాలికి తగిలినప్పుడు గానీ నువ్వు గుర్తుకు రాలేదు.

సాయంత్రం కదిరిలో ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను.

"వాని సైకిల్ ఎట్లుండాదమ్మా?" అన్నాడు నాయన.

"అట్లే ఉండాది నాయనా" అన్నాను.

మస్తానన్న దగ్గర స్పానర్ అడిగి తెచ్చుకున్నాను. పక్కనే ఉంది. రేపు ఇంకో కొండ ఎక్కాలి. సీటు పైకి లేపబుద్ధి కావడం లేదన్నా.