రోజుకో బెలూన్

ప్రియమైన గడుగ్గాయికి,

చెబుతున్నది నేను, రాస్తున్నది మీ అమ్మ. పక్షవాతం చాలావరకు తగ్గింది. కాలు మాట వింటోంది కానీ కుడి చెయ్యి మొండికేసింది. కత్తి పట్టుకుంటే జారిపోతోంది. ఊళ్లో గడ్డాలన్నీ గీసిన చెయ్యి చొక్కా బొత్తాం కూడా పెట్టలేకపోతోంది. ఏడుపొస్తోందమ్మా. సెలూన్ మీ మామయ్యకు ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఫోన్లు బాగుచేసే కొట్టు పెడతాడట. నెలాఖరుకు వచ్చి తాళాలు తీసుకుంటానన్నాడు. అక్కడ పట్నం సెలూన్‌లో నువ్వు మన పని నిలబెడుతున్నావు, నాకదే చాలు.

నీ నాన్న

ప్రియమైన నాన్నకు,

తాళాలు అప్పుడే ఇవ్వకు. ఎడమ చెయ్యి ఖాళీగానే ఉందిగా? నాకు పని నేర్పినప్పుడు ఏం చేశావు? మనిషి మొహం ముట్టుకోనివ్వకుండా, బెలూన్‌కి నురగ రాసి గీయమన్నావు. పగిలితే తిట్టలేదు, "రేపు ఇంకోటి" అన్నావు. ఇప్పుడు నేనూ అదే అంటున్నాను. పొద్దున్నే ఒక బెలూన్. మనసు బాగున్నా, బాగోకపోయినా ఒకటే. రెండోది ముట్టుకోకు, విసుగొస్తుంది. బెలూన్ల పొట్లం పంపుతున్నాను.

నీ శిష్యురాలు

ప్రియమైన గురువుగారికి,

అన్నీ ఢామ్మని పేలుతున్నాయి. నురగ పైకప్పుకు అంటుకుంది. మీ అమ్మ పొద్దున్నే రెయిన్‌కోటు వేసుకుని తిరుగుతోంది. (నిజమే, రాస్తున్నదాన్ని నేనే కదా.) పై ఇంటావిడ రోజూ ఉలిక్కిపడి లేచి నన్ను తిట్టిపోస్తోంది. ఈ వయసులో ఈ కోతి వేషాలేంటని నాకే అనిపిస్తోంది. అయినా రేపటికి మీ అమ్మ ఒకటి ఊది పెట్టింది.

నీ మొండి నాన్న

ప్రియమైన చిట్టితల్లికి,

ఇక్కడంతా ప్రశాంతం. పొద్దున్నే చప్పుడు లేదు. పై ఇంటావిడ హాయిగా నిద్రపోతోంది. మామయ్య ఆదివారం వస్తున్నాడు.

నాన్న

నాన్నకు,

కోపంగా ఉన్నాను కాబట్టి "ప్రియమైన" అని రాయడం లేదు. చప్పుడు లేదంటే మానేశావన్నమాట. నన్ను ఒక్కరోజు కూడా మానెయ్యనివ్వలేదు నువ్వు. తాళాలు ఇచ్చేముందు ఒకసారి ఆ కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూసుకో. నాకు చాలా బాధగా ఉంది నాన్నా.

నీ కూతురు

ప్రియమైన కోపిష్టి పిల్లకు,

మానేస్తే చప్పుడుండదు, నిజమే. పగలకపోయినా ఉండదు కదా, అది తట్టలేదా నీకు? నురగంతా తీసేశాక కూడా బెలూన్ నున్నగా అలాగే ఉంటోంది. మొదటిరోజు నమ్మలేక మీ అమ్మను లేపి మరీ చూపించాను. నీకు చెబితే మామయ్య చెవిన వేస్తావని ఊరుకున్నాను.

ఆదివారం వాడు మాసిన గడ్డంతో వచ్చి తాళాలు అడిగాడు. "ముందు కూర్చోవోయ్, గడ్డం గీస్తాను" అన్నాను. నేను ఎడమ చేత్తో కత్తి తియ్యగానే కుర్చీని గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మెడ దగ్గరకొచ్చేసరికి ఊపిరి బిగబట్టాడు. నా చెయ్యి మాత్రం తడబడలేదు. తువ్వాలుతో తుడిచి చూస్తే ఒక్క గాటు లేదు. వాడు చెంపలు తడుముకుని, "కొట్టు ఇంకోచోట చూసుకుంటాలే బావా. వచ్చే ఆదివారం మళ్లీ గీస్తావా?" అన్నాడు. గెలిచానే అమ్మడూ. సెలూన్ మనదే.

ఈ ఉత్తరం మీ అమ్మ రాయలేదు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, ఎడమ చెయ్యి కదా, ఓపిగ్గా చదువుకో. వచ్చేటప్పుడు ఎడమచేతి వాటం వాళ్ల కత్తెర ఒకటి కొనుక్కురా. గడ్డాలు అయ్యాయి, ఇక తలలు మొదలుపెట్టాలి.

నీ శిష్యుడు,
నాన్న