ఊరికే వచ్చిన గోలు మాకొద్దు

దోహా,
శనివారం మధ్యాహ్నం

పూజ్యుడైన అన్నయ్యకి, చెల్లెలు వెంకటలక్ష్మి నమస్కరించి రాసుకుంటున్నది. నేనిక్కడ లేచి తిరుగుతున్నాను, వండుతున్నాను, వేళకి ఇంత తింటున్నాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? రాజేశ్వరి నెల తప్పిందని రాశావు, చదివి చాలా సంతోషించాను. దాన్ని బరువులు ఎత్తనివ్వకండి.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే శాలువా లేకుండా బయటికి రాలేము. ఎండాకాలం ఈ ఊళ్ళోనే ఒళ్ళు కాలిందంటే ఎవరూ నమ్మరు. మేడమ్ గారు మంచిగానే చూస్తున్నారు. సారు ఇంజినీరు పని మీద తిరుగుతుంటారు. ఐన్ ఖాలిద్‌లో ఇల్లు, ఇద్దరు పిల్లలు, వంట పని నాది. పెద్దవాడు నా చేతి పప్పుచారు లేకపోతే అన్నం ముట్టడు. తిండికి లోటు లేదు అన్నయ్యా, బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం అందింది. చదివి మడిచి తలగడ కింద పెట్టి, మళ్ళీ తీసి చదివాను. ఏటిసూతకంలో ఉన్నదానివి, మగవాళ్ళు ఆడే ఆటలకి పోయి కేకలు వేస్తున్నావట, అబ్బులు సెలవుకొచ్చి చెప్పాడు, నలుగురూ నవ్వుతున్నారు అని రాశావు. సంవత్సరీకానికి వచ్చి ఇంక వెళ్ళొద్దన్నావు. వీసా రద్దు చేయించుకో, కొడుకుని మింగిన ఊళ్ళో నీకేం పని, వీధి గది ఇస్తాను, ఒక మూల కూర్చుంటే నాలుగు మెతుకులు నేను పెట్టలేనా అన్నావు.

కోపం తెచ్చుకోకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదువు. అబ్బులు చెప్పింది నిజమే. కేకలు వేశాను. ఈ వారం అంతకంటే ఎక్కువే చేశాను. సత్తిబాబు బుధవారం సెలవు మీద వస్తున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. తుని వాడు, తాపీ మేస్త్రి, నోటికి అడ్డూ ఆపూ లేదు. వాడు నోరు తెరిచే లోపల నా రాత మీద నువ్వు చదవాలని కూర్చున్నాను. అయిదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకో.

నా వీరబాబు ఆట సంగతి నీకు సరిగా తెలియదు. మన కాలవ గట్టు మీద రేకుల షెడ్డులో నడిచే కాలేజీ ఉంది కదా, వాడు చదివింది అందులోనే. ఆ కాలేజీ పిల్లలు ఇక్కడ ఒక జట్టుకి సరిపోయేంతమంది ఉన్నారు. ఒకడు కరెంటు పని, ఒకడు స్టోరు కీపరు, ఒకడు ఏసీలు బాగుచేస్తాడు. నిజామాబాద్ వైపు గుట్ట కింద ఒక కాలేజీ ఉందిట, వాళ్ళదొక జట్టు. అలాంటివి ఇంకో రెండున్నాయి. పేరున్న కాలేజీ ఒక్కటీ లేదు. గురువారం ఒంటిపూట డ్యూటీ అయ్యాక, మళ్ళీ శుక్రవారం పొద్దున, ఇండస్ట్రియల్ ఏరియా వెనకాల ఇసక నేల మీద ఫుట్‌బాల్ ఆడతారు. సున్నంతో గీతలు గీసి, పరంజా పైపులు పాతి గోలు కడతారు. వీరబాబు మన జట్టుకి గోలు కాసేవాడు. బంతి వస్తుంటే పిల్లి దూకినట్టు దూకేవాడు. మోచేతులు చెక్కుకుపోయి వచ్చేవాడు, నేను పసుపు అద్దేదాన్ని.

వాడుండగా ప్రతి ఆటకీ నేను పులిహోర చేసి పట్టుకెళ్ళేదాన్ని. ఆట మొదలయ్యే ముందు రాళ్ళుప్పూ ఎండు మిరపకాయలూ గుప్పిట పట్టి, ముందు వాడికీ, తరువాత వాడు నిలబడే గోలు పైపులకీ దిష్టి తీసేదాన్ని. అందరూ నవ్వేవారు. అవతలి జట్టు వైపు ఖాజా భాయ్ అని కరీంనగర్ డ్రైవరు ఒకడున్నాడు. "అమ్మా, మా గోలుకు గూడ జర తియ్యరాదూ, మీ కొడుకు దిష్టి మాకే తలుగుతున్నది" అనేవాడు. "మీది మీ అమ్మని తియ్యమను" అనేదాన్ని.

వాడు డ్యూటీ నుంచి వస్తుంటే బస్సుని లారీ గుద్దిన తరువాత, వాణ్ణి తీసుకుని నేను ఊరికి రావడం, నువ్వు దగ్గరుండి అన్నీ జరిపించడం, మళ్ళీ నేను నీ మాట వినకుండా ఇక్కడికి వచ్చేయడం నీకు తెలిసినవే.

మొన్న గురువారం మనకీ గుట్ట కింది కాలేజీకీ ఆట. వీరబాబు గదిలో ఉండే రాంబాబే ఇప్పుడు గోలు కాస్తున్నాడు. వాడు పోయాక మన జట్టు ఒక్క ఆటా గెలవలేదు. ఆ రోజు మొదలుపెట్టే ముందు అందరూ తల వంచి నిలబడ్డారు. ఎవరో వీరబాబు ఫోటోకి దండ వేసి గోలు వెనకాల పెట్టారు. నేను ఆ ఫోటో పక్కనే కూర్చున్నాను.

సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి. అప్పుడు నా ముందున్న గోలులోకి అవతలి వాళ్ళ నర్సింగ్ వచ్చాడు. నర్సింగ్ అంటే బంతి దాటదని పేరు. వీరబాబూ అతనూ ఆటలో పామూ ముంగిసా, ఆట అయ్యాక ఒకే ప్లేటులో ఖుబ్బూస్ రొట్టె ముంచుకు తినేవారు. చివర్లో మన వాడొకడు కొట్టిన బంతి మెల్లగా దొర్లుకుంటూ నర్సింగ్ కాళ్ళ పక్కనుంచి వచ్చి నా ఒళ్ళో ఆగింది. గోలు! నేను బంతిని ముద్దు పెట్టుకున్నానన్నయ్యా. అవతలి వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. గెలిచాం, శుక్రవారం సాయంత్రం చివరి ఆటకి మన జట్టే అన్నారు. రాంబాబు ఏడుస్తూ నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర చూసినవాళ్ళు ఆడినవాళ్ళ కంటే ఎక్కువ ఆడతారు. అక్కడే మొదలైంది.

"నర్సింగ్‌ని ఏడిపించేశాం కదేటి భాయ్!" అన్నాడు సత్తిబాబు.

"అరే, ఏం ఏడిపించిండ్రు? గంత మెల్లగొచ్చిన బాల్ నా బిడ్డ గూడ పట్టుకుంటది. ఆడు చూసుకుంట వదిలిపెట్టిండు" అన్నాడు ఖాజా భాయ్.

"గతుకు తగిలి పక్కకి తిరిగింది బాబూ! నీకు కళ్ళు లేవేటి?"

"ఏ గతుకు? సూపియ్యి నడువు! అమ్మ ఒక్కపారి నవ్వాల్నని వదిలిండు, మస్తు మంచి పని చేసిండు. చుప్ ఉండక..." అంటూ తల తిప్పి, వెనకాల పులిహోర గిన్నె పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు. చేతిలో టీ ఒలికిపోయింది.

ఇంటికి వచ్చి వంట చేశాను. పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయానని మేడమ్ గారు చెబితే గాని తెలియలేదు.

నువ్వు కూడా అదే అంటావని తెలుసు. పాపం, మంచి మనసుతో చేశాడు కదా అంటావు. మంచివాడే, కాదనను. కానీ నా ఒళ్ళోకి వచ్చిన ఆ బంతి ఏమిటన్నయ్యా? తద్దినం నాడు గుమ్మంలో నిలబడ్డ వాళ్ళకి వేసే ముద్ద లాంటిదేగా. దాన్నా నేను ముద్దు పెట్టుకున్నది!

శుక్రవారం పొద్దున్నే సత్తిబాబు బండిలో వెళ్ళాను. నర్సింగ్ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఎదురుగా నిలబడి అడిగాను.

"నిన్న బంతి కావాలని వదిలావా?"

తల ఎత్తలేదు. "ఏం జెయ్యమంటవమ్మా. ఎనక్కి తిరిగితే ఆని ఫోటో, పక్కపొంటి నువ్వు. నాతోని కాలే."

"నా కొడుకు నీకు ఒక్క గోలైనా ఊరికే ఇచ్చాడా?"

"ఇయ్యలే."

"ఇవ్వమని అడిగి ఉంటే?"

"బూతులు తిడుతుండె" అని నవ్వబోయి ఏడ్చేశాడు.

"అయితే ఆ ఆట మళ్ళీ ఆడాలి" అన్నాను.

మన పిల్లలే నా మీద విరుచుకుపడ్డారు. రాంబాబు మొహం ఎర్రబడిపోయింది. "అత్తా, ఇన్నాళ్ళకి ఒక్కటి గెలిచాం. గెలిచాక వద్దంటారా ఎవరైనా? నీకు ఆట గురించి ఏం తెలుసు?" అన్నాడు. ఏమీ తెలియదు. వాడి మాటలో న్యాయం ఉందనీ తెలుసు. అయినా వెళ్ళి గోలు మధ్యలో ఇసకలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అప్పటికే వేరే జట్లు ఆటకి దిగుతున్నాయి. ఈల వేశారు. నేను లేవలేదు.

ఖాజా భాయ్ గడియారం చూసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, లే అమ్మా. జుమ్మా నమాజుకు టైమైతది. గోల్‌కీపర్‌వి నువ్వేనా ఏంది?"

"నేనే. దమ్ముంటే కొట్టమను."

అందరూ నవ్వారు. నవ్వనీ. అబ్బులు ఉండి ఉంటే ఇదే నీకు చెప్పేవాడు, నీ చెల్లెలు మతి చెడి గోలులో కూర్చుందని. ఎవరూ నా చెయ్యి పట్టుకుని లాగలేక చివరికి ఒప్పుకున్నారు. మొత్తం కాదు, సగం ఆట. ఇప్పుడే. లేచి, వీరబాబు ఫోటో మీది దండ తీసి పక్కన పెట్టి, ఫోటో కొంగులో చుట్టుకున్నాను. "ఇంక ఎవరికీ అడ్డం లేదు, ఆడండి" అన్నాను.

ఓడిపోయాం అన్నయ్యా. రెండు గోల్స్ పడ్డాయి. రాంబాబు దూకాడు, పాపం, చెయ్యి అందలేదు. అవతల నర్సింగ్ మాత్రం ఎలా ఆడాడనుకున్నావు! మన వాడు దగ్గరనుంచి గట్టిగా కొట్టిన బంతికి గాలిలో అడ్డం పడి, మోచెయ్యి ఇసకలో గీసుకుపోయి, లేచి మళ్ళీ నిలబడ్డాడు. "అలా కాయి! అలాగే కాయి!" అని నేనే అరిచాను, అవతలి జట్టువాడని కూడా చూడకుండా. సత్తిబాబు తల పట్టుకున్నాడు.

మన పిల్లలు నాతో మాట్లాడలేదు. పులిహోర ముట్టలేదు. గిన్నె అక్కడే పెట్టి నేను అటు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి ఆకలికి ఆగలేక ఒక్కొక్కడే వచ్చి తిన్నారు. ఆఖర్న రాంబాబు వచ్చి, "కారం తక్కువైంది" అన్నాడు. అంటే కోపం పోయినట్టే.

నర్సింగ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మోచేతి నిండా రక్తం, ఇసక. ఊరినుంచి తెచ్చుకున్న రాళ్ళుప్పూ మిరపకాయలూ నా సంచి అడుగున కాసిని మిగిలి ఉన్నాయి. అతన్ని కదలకుండా ఉండమని, తల నుంచి కాళ్ళ దాకా దిష్టి తీశాను. వీరబాబు పోయాక ఎవరికీ తీయలేదు.

నమాజు అయ్యాక మళ్ళీ టీ కొట్టు దగ్గర చేరారు.

"మావాడుంటే ఆ రెండూ వెళ్ళేవేటి?" అన్నాడు సత్తిబాబు.

"ఒకటి ఆపుతుండె. రెండోది ఆని బాపు వచ్చినా ఆగదు. ఆనికి ముందటికి ఉరికే బీమారీ ఉండె గదా! మొన్న రంజాన్ ముందటి ఆటల గోలు ఇడిసిపెట్టి సగం మైదానం దాకా ఉరికొచ్చిండు, పాగల్‌గాడు!"

"మా వీరబాబుని పాగల్ అంటావా?"

"అంట! గట్ల ఉరుకకని ఎన్నిసార్లు జెప్పిన, ఇన్నడా ఆడు?"

అలా ఇద్దరూ గ్లాసులు బల్ల మీద కొడుతూ, అక్కడే నిలబడి ఉన్న మనిషిని తిట్టినట్టు వాణ్ణి తిట్టుకున్నారు. నేను టీ చల్లారిపోయేదాకా విన్నాను.

అన్నయ్యా, ఊళ్ళో వాడి పేరెత్తితే చాలు, అందరూ గొంతు తగ్గిస్తారు. "పాపం" అంటారు. నన్ను చూసి పక్కకి తప్పుకుంటారు. ఇక్కడ వాణ్ణి ఇంకా తిడుతున్నారు. ముందుకి పరిగెత్తొద్దని ఇంకా చెబుతున్నారు. ఈ ఊరు నా కొడుకుని మింగింది, నిజమే. కానీ వాడు ఇంకా ఎవరి నోట్లోనైనా ఉన్నాడంటే ఈ ఊళ్ళోనే ఉన్నాడు. నేను ఇది వదిలి వచ్చి వీధి గదిలో మూల కూర్చోను. నీ అన్నం మీద నాకు గౌరవం ఉంది, నా చేతులకి ఇంకా సత్తువ కూడా ఉంది. సంవత్సరీకానికి వస్తాను. చేయవలసినదంతా చేసి, మళ్ళీ వెళ్ళిపోతాను. వీసా రద్దు మాట ఇంక రాయకు. ఏటిసూతకంలో పెళ్ళికీ గుడికీ వెళ్ళలేదు, వెళ్ళను. నా కొడుకు మోచేతులు చెక్కుకున్న ఇసక నాకు వేడుక చోటు కాదు. గురువారం గురువారం వెళ్తాను, కేకలూ వేస్తాను. నవ్వేవాళ్ళని నవ్వమను.

ఒక్క పని చేసిపెట్టు. వాడి పెట్టెలో గ్లౌజులు ఉన్నాయి, నల్లవి, బొటనవేలు దగ్గర నేను కుట్టు వేసినవి. పోయినవాడి వస్తువులు ఇంకొకరు తొడుక్కోకూడదని వదిన అటక మీద పెట్టించింది. అవి దింపి సత్తిబాబుకి ఇచ్చి పంపు. రాంబాబు తొడుక్కుంటాడు. వాడు రెండు గోల్స్ విడిచింది చేతులు జారే అని సత్తిబాబు అంటున్నాడు, నిజమో అబద్ధమో చూడాలి. వదిన కాదంటే ఈ ఉత్తరం చదివి వినిపించు.

వదినకి నా నమస్కారాలు. పెద్దత్తకి పాదాభివందనాలు చెప్పు. రాజేశ్వరికీ పుట్టబోయే బిడ్డకీ నా ఆశీస్సులు. నువ్వు కోపంలో ఉన్నా సరే, అక్కడినుంచే నా నెత్తిన చెయ్యి పెట్టు, నేనిక్కడ తల వంచుకునే ఉంటాను, నీకొక్కడికే.

నీ చెల్లెలు,
వెంకటలక్ష్మి

మరిచాను. గ్లౌజులతో పాటు రాళ్ళుప్పూ ఎండు మిరపకాయలూ కూడా కట్టి పంపు. ఇక్కడ మేడమ్ గారింట్లో వాడే ఉప్పు మెత్తటి పొడి, గుప్పిట్లో నిలవదు. కాస్త ఎక్కువే పంపు. ఖాజా భాయ్ అడిగిన మాట ఇన్నాళ్ళకి ఒప్పుకున్నాను, ఇకమీదట అవతలి వైపు పైపులకి కూడా దిష్టి తీస్తాను.