మూడో ఎపిసోడ్ ఆగిన చోట

బుధవారం, మధ్యాహ్నం
ఆస్పత్రి, రెండో అంతస్తు వరండా

చిరంజీవి బుల్లెమ్మకు,

మీ వదిన దీవించి రాస్తున్నది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా నాన్న నేర్పిన అలవాటు. ఈసారి ఆ మాటలో సగమే నిజం కాబట్టి సగమే రాస్తున్నాను. నువ్వు కుశలమని తలుస్తాను. ఇక్కడ మీ అన్నయ్యకు కళ్ల మంట తగ్గింది, కట్టు తీసేశారు. గొంతు సంగతి మాత్రం డాక్టరు తేల్చి చెప్పడం లేదు. ఆ అమ్మోనియా గ్యాసు బాగా లోపలి దాకా పోయిందట. మాట రావచ్చు, వచ్చినా పాత గొంతులా ఉండకపోవచ్చు అంటున్నాడు. గురక కూడా మారిపోయింది. ఇన్నేళ్లు ఆ గురకను తిట్టుకున్నదాన్ని, ఇప్పుడు అది వినపడకపోతే గుండె ఆగినంత పనవుతోంది.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే నువ్వు మీటింగులో ఉన్నాను వదినా అంటావు, నేను ఏడుస్తాను, మంచం మీద నుంచి ఆయన వింటారు. ఆయనకు మాట లేదు గానీ చెవులు బాగానే ఉన్నాయి. అందుకని ఉత్తరం. మందులు తెచ్చిన మీ ఆఫీసు కారు డ్రైవరు కాసేపట్లో తిరిగి వెళ్తాడు. నీ చేతికే ఇస్తానని మాటిచ్చాడు. రేపటి లోపల నువ్వు ఇది చదివి తీరాలి, ఎందుకంటే ఎల్లుండి శుక్రవారం.

ఆ శుక్రవారం నాడు, ముందుగా మీ అన్నయ్య పనిచేసే ప్లాంటు ఒక్కదానిలోనే చూపిస్తున్న నీ శిక్షణ సిరీస్‌ని కంపెనీకి ఉన్న కోల్డ్ స్టోరేజీలన్నిటికీ వదులుతున్నారని, మొదటి ఎపిసోడ్‌కు ముందు మీ అన్నయ్య మీద తీసిన చిన్న సినిమా ఒకటి వేస్తారని డ్రైవరు చెప్పాడు. నువ్వు చెప్పలేదు. మర్చిపోయావో, చెబితే వద్దంటానని మానేశావో నాకు తెలియదు. అది ఆపించాలి బుల్లెమ్మా. బతిమాలుతున్నాననుకో, గదమాయిస్తున్నాననుకో, నీ ఇష్టం. ఆపించాలి.

నువ్వు ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వంటింటి గట్టెక్కి కూర్చుని ఎంత సంబరంగా చెప్పావో నాకింకా గుర్తే. పాత శిక్షణలో ఇంజనీరు బోర్డు ముందు నిలబడి సాయంత్రం దాకా చదివేవాడని, సగం మంది నిద్రపోతే మీ అన్నయ్య ఒక్కరే గురక కూడా పెట్టేవారని ఎక్కిరించావు. ఇంట్లో ఒక ఎపిసోడ్ తర్వాత ఒకటి కళ్లార్పకుండా చూసే మనుషులు పాఠం అనేసరికి ఎందుకు తూగుతారని అడిగావు. మొదటి నిమిషంలోనే చూసేవాడి చొక్కా పట్టుకోవాలన్నావు. కథలో ఒక మనిషి మీద ఇష్టం పుట్టించాలన్నావు. ప్రతి ఎపిసోడ్‌నీ ఊపిరి బిగబట్టే చోట ఆపి, తర్వాతిదానికి తాళం వేసి, వారం రోజులు ఊరించాలన్నావు. నేను పొయ్యి కట్టేసి మరీ విన్నాను. సీరియళ్లన్నీ కాచి వడబోసినదానివి, ఇది పని చేస్తుందా వదినా అని అడిగావు. బ్రహ్మాండంగా చేస్తుంది అన్నాను. ఆ మాట అన్నది నేనే, కాదనను.

అబద్ధమెందుకు, బాగా తీశావు. ఆ బట్టతల ఆపరేటరు, ముక్కు మీద కోపం, పక్కవాడి టిఫిన్ డబ్బా మీద కన్ను. ప్లాంటు క్యాంటీన్‌లో ఎవరికి కోపమొచ్చినా అతని పేరు పెట్టి పిలుచుకోవడం మొదలుపెట్టారట. రెండో ఎపిసోడ్‌లో గ్యాసు వాసన తగిలితే ముందు గాలి ఎటు వీస్తోందో చూడాలని చెప్పావు. అది నాకు ఎంత బాగా ఎక్కిందంటే, మేడ మీద బట్టలు ఆరేస్తూ కూడా గాలి ఎటుందా అని చూసుకునేదాన్ని. మా ఇంట్లో ఒక్క ఎపిసోడ్ కూడా వదల్లేదు.

ఇక మూడోది. యంత్రాల గదిలో బుస్సుమని చప్పుడు. మన బట్టతలాయన తడిగుడ్డ ముక్కుకు చుట్టుకుని లోపలికి ఉరికాడు. ఎర్ర చక్రం ఉన్న పెద్ద వాల్వు మీద చెయ్యి వేశాడు. తిప్పాలా వద్దా. చేతి మీద కెమెరా, చెమట చుక్క, గుండెలదిరేలా ఆ వాయింపు. అంతే, తెర నల్లబడింది. కింద తాళం బొమ్మ, వచ్చే శుక్రవారం చూడండి అని.

ఆ శుక్రవారం రాకముందే, పోయిన బుధవారం నాడు, మన ప్లాంటులో నిజంగానే బుస్సుమంది.

కొత్త యంత్రం బిగించాక ఈసారి ఇంజనీరు వచ్చి చూపించలేదన్న సంగతి నీకు తెలుసు. అన్నీ సిరీస్‌లో వస్తాయి, చూసుకోండి అన్నారు. షిఫ్టు బాధ్యత మీ అన్నయ్యది. ఆయన గది బయట నిలబడి ఇంటికి ఫోను చేశారు. తర్వాత లోపలికి వెళ్లి ఆ చక్రం తిప్పారు. బీటలిచ్చిన గొట్టం ఒక్కసారిగా విడిపోయి గ్యాసు మొహం మీద కొట్టింది. వెల్డరు మాస్కు తగిలించుకుని వెళ్లి కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చాడు కాబట్టి మనిషి దక్కాడు. లోపలికి వెళ్లాల్సిన పనే లేదట. తలుపు పక్కన గోడకున్న బటన్ నొక్కితే యంత్రం దానంతటదే ఆగిపోయేదట. మీ అన్నయ్య రోజూ ఆ బటన్ పక్కనున్న మేకుకే గొడుగు తగిలించేవారు.

ఆదివారం నువ్వొచ్చావు. అన్నయ్య పాదాలు పట్టుకుని ఏడ్చావు. ఆ ఏడుపు నిజమే, నేను శంకించను. కానీ నీ వెనకాలే మీ పెద్దసారు, ఆయన వెనక కెమెరా పట్టుకున్న మనిషి. పెద్దసారు మంచం పక్కన నిలబడి, ఈయన ప్లాంటులోనే మొదటివాడు, ఒక్క ఎపిసోడ్ వదల్లేదు, ఎపిసోడ్ల వెంట పెట్టే పరీక్షలో నూటికి నూరు అన్నాడు. అంత నేర్చినవాడు తోటివాళ్ల కోసం ప్రాణానికి తెగించాడు అన్నాడు. లోపలికి వెళ్లేముందు భార్యకు ఫోను చేశాడు, ఆ ఫోనులో ఏమన్నాడో చెప్పండమ్మా, సినిమాకి అదొక్కటే కావాలి అన్నాడు. నువ్వు కూడా నా వైపు అలాగే చూశావు. ఏముంటుంది, భోజనం సంగతి అని తప్పించుకున్నాను. ఆయన గోడవైపు తిరిగిపోయారు. నిద్రపోతున్నారనుకుని మీరు మెల్లగా వెళ్లిపోయారు. నిద్ర కాదు.

ఇప్పుడు ఎవరో నటుడు ఫోను పెట్టేసి, చిన్నగా నవ్వి, పొగలోకి నడిచి వెళ్లినట్టు తీశారటగా. డ్రైవరు చూసి కళ్లు తుడుచుకున్నానని చెప్పాడు. అదే నా భయం. అది చూసిన ప్రతివాడూ కళ్లు తుడుచుకుని, ప్రమాదం వస్తే లోపలికి నడవాలని నేర్చుకుంటాడు. ఆ తర్వాత మూడో వారం వచ్చేసరికి, కొత్త యంత్రం ఉన్న ప్రతి ప్లాంటులోనూ ప్రతి ఆపరేటరు బుర్రలోనూ చెయ్యి చక్రం మీద పడి ఉంటుంది, వారం పాటు. ఆ వారంలో ఎక్కడా ఏ గొట్టమూ బీటలివ్వదని మీ సారు రాసిస్తాడా?

మూడో ఎపిసోడ్ చివరినే జనం ఎక్కువగా చూశారని, వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూశారని నువ్వు మురిసిపోతూ చెప్పావు. చూస్తారు మరి. ఎన్నిసార్లు చూసినా చెయ్యి చక్రం మీదే ఉంటుంది.

ఊరించడం తప్పనను. ఊరించకపోతే నేనే చూడను. టిఫిన్ డబ్బా ఎవరు ఎత్తుకుపోయారో అక్కడ ఆపు. బట్టతలాయన కూతురు ఇంటికి తిరిగొస్తుందా రాదా, అక్కడ ఆపు. నెల రోజులు ఊరించు, ఎదురుచూస్తాం. ప్రాణం మీదికొచ్చే ప్రశ్న వేస్తే మాత్రం ఆ ఎపిసోడ్‌లోనే జవాబు చెప్పెయ్యి. తాళాలు తీసెయ్యి. అది చెయ్యలేకపోతే పాత ఇంజనీరునే పిలవమను, నిద్రపోయినా ఫరవాలేదు, కనీసం అడిగితే చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు.

మీ సారు మొహం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ. నీకు రావలసిన పెద్ద కుర్చీ దీనివల్లే వస్తోందని నాకు తెలుసు. నా పెళ్లినాటికి గౌను వేసుకుని నా కొంగు పట్టుకు తిరిగిన పిల్లవి, నీకు అడ్డుపడాలని నాకుంటుందా? కానీ రేపు ఇంకో ఊళ్లో ఇంకో ఆడది ఇలాంటి వరండాలో కూర్చుంటే, ఆ కుర్చీలో నీకు కూర్చోబుద్ధి కాదు. నీ సంగతి నాకు తెలుసు.

వేళకు తిను. అన్నయ్య నిన్ను తప్పుపట్టడం లేదు. నీ ఫొటో చూపిస్తే చెయ్యెత్తి దీవించారు.

ఇట్లు,
నీ మేలు కోరే
వదిన

తా.క. కవరు అంటించాక మళ్లీ చించాను. డ్రైవరు టీ తాగడానికి కిందికి వెళ్లాడు, వచ్చేలోపు ఇది రాసెయ్యాలి. ఇది లేకపోతే మీ సారు నిన్ను ఒక్క మాటతో నోరు మూయిస్తాడు, నూటికి నూరు తెచ్చుకున్నవాడికి బటన్ సంగతి తోచదా, తెగించే వెళ్లాడు అని.

మీ అన్నయ్య నీ సిరీస్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. మొదటి రోజే తన పేరుతో నా ఫోనులో తెరిచిచ్చి, నీకు సీరియళ్లంటే ఇష్టం కదా, నా బదులు నువ్వు చూసి ఆ బటన్లేవో నొక్కెయ్ అన్నారు. చూశాను. పరీక్ష కూడా నేనే రాశాను. ఆ నూరు మార్కులు నావి. భోజనాల దగ్గర కథ చెబితే ఆయన సగం విని ఆవులించేవారు.

ఆ రోజు ఫోను చేసింది భోజనం గురించి కాదు, మీరు సినిమాలో తీసినట్టు వీడ్కోలు చెప్పడానికీ కాదు. వెనక బుస్సుమని వినిపిస్తోంది. నీ బట్టతలాయన వాల్వు మీద చెయ్యి వేశాడన్నావే, తిప్పాడా లేదా, తొందరగా చెప్పు అన్నారు.

నాకు తెలియదు. తాళం వేసి ఉంది. తెలియదు అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ ఇన్నేళ్లుగా సీరియళ్లు చూస్తున్నాను, మూడో ఎపిసోడ్‌లో హీరోకి ఏమీ కాదని నాకు ఖాయంగా తెలుసు. తిప్పే ఉంటాడు, ఏమీ కాదు, తిప్పేసి రండి అన్నాను.

రెండు రోజులకు శుక్రవారం వచ్చి నాలుగో ఎపిసోడ్ తాళం తెరుచుకుంది. ఈ వరండాలోనే కూర్చుని చూశాను. అతను చక్రం మీద నుంచి చెయ్యి తీసేసి, బయటికి నడిచి, గోడకున్న బటన్ నొక్కాడు. పట్టుమని పది సెకన్లు కూడా పట్టలేదు బుల్లెమ్మా.