నాలుగో వరుస

హోసూరు,
జూన్ 1974

ప్రియమైన మనోరమకు,

నాన్న ఆశీస్సులు. చైనా తత్వం చదవడానికి ఢిల్లీలో సీటు వచ్చిందన్న నీ ఉత్తరాన్ని అంగడికి వచ్చిన వాళ్లందరికీ చదివి వినిపించాను. శ్రీనివాసమూర్తి మామ మాత్రం, "మన మింద యుద్ధం చేసినోళ్ల చదువు మనకెందుకప్పా?" అని మొహం చిట్లించాడు.

"నా బిడ్డ యాడ చదివినా ఫస్టే" అన్నాను.

అమ్మ చింతకాయ తొక్కు పంపుతోంది. అక్కడ చలి ఎక్కువట, స్వెట్టరు కొనుక్కో.

మీ నాన్న,
అనంతయ్య

ఢిల్లీ,
మార్చి 1983

ప్రియమైన నాన్నా,

డాక్టరేటు వచ్చింది, యూనివర్సిటీలో పాఠాలూ చెబుతున్నాను. అయినా మీ చేతిలో పెట్టడానికి తెలుగులో ఒక్క పుస్తకమైనా రాయలేదే అని దిగులుగా ఉండేది. ఇప్పుడు చైనా తత్వం మీద నా తెలుగు పుస్తకం అచ్చయి మీ చేతికి అందింది! వాసవి జయంతి నాడు కృష్ణగిరిలో మన సంఘం మందిరంలో అందులోంచి మీరే చదువుతారని తెలిసి పొంగిపోయాను. నా విద్యార్థుల పరీక్షలున్నాయి, నేను రాలేను.

ఒక్క మాట. పాత చైనా పండితులు మనుషులను నాలుగు వరుసల్లో పెట్టారు. ముందు పండితుడు, తర్వాత రైతు, ఆ తర్వాత చేతిపనివాడు, అందరికంటే చివర వ్యాపారి. ఉన్నది ఉన్నట్టే రాశాను. కానీ అది అంగళ్ల వాళ్ల సభ. ఆ పేజీ వదిలేయండి నాన్నా. నా వల్ల మీరు తల దించుకుంటే నేను తట్టుకోలేను.

మీ
మనోరమ

హోసూరు,
ఏప్రిల్ 1983

మనోరమకు,

ఆ పేజీ చదివాక అన్నం సహించలేదు. తాతల నాటి నుంచి తూకం తప్పకుండా బతికాం. మనల్ని అట్టడుగున కూర్చోబెట్టిన వాళ్ల కోసమా ఇన్నేళ్లు కళ్లు పాడుచేసుకుని చదివావు? సభలో ఏం చదవాలో నేను చూసుకుంటాను.

అనంతయ్య

హోసూరు,
మే 1983

ప్రియమైన నా బంగారు తల్లికి,

నిన్న సభ జరిగింది. నువ్వు వదిలేయమన్న పేజీనే మొదట చదివాను.

మంచి మిరపకాయలు పైన పోసి, పుచ్చులు అడుగున దాచిన మూటను నేను అంగడి గడప తొక్కనివ్వను. నీ పుస్తకాన్ని మాత్రం అలా ఎలా చూపిస్తాను? నేను నొచ్చుకుంటానని తెలిసీ నిజమే రాశావు. అది తలుచుకుంటే కోపం పోయి గర్వమే మిగిలింది.

శ్రీనివాసమూర్తి మామ లేచాడు. "మనల్ని కిందేసిన పుస్తకానికి మన మందిరంలో ఏం పనప్పా?"

"ఆ పండితుల మాటల్ని వాళ్ల భాషలోనే చదివి మనకు తెలుగులో చెప్పింది ఒక అంగడోడి కూతురే. నాయన అంగడోడని ఒక్క మాటా దాచిపెట్టలేదు. ఇప్పుడు నా బిడ్డను ఏ వరసలో కూర్చోబెడతారో వాళ్లనే చెప్పమనప్పా!" అన్నాను.

మొదట చప్పట్లు కొట్టింది నేనే తల్లీ. నా తర్వాత కొట్టింది మామ.

గర్వంతో,
మీ నాన్న