సంతృప్తి చెందిన రోగి గొంతు గురించి

రోగుల సంతృప్తి పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: క్లినిక్ వెయిటింగ్ హాలులోని అవగాహన వీడియో, దాని కింద ఉన్న రెండు మీటలు, నా భార్య గొంతు గురించి మనవి.

నేను దర్జీని. తమ క్లినిక్ వెనక వీధిలో మా దుకాణం. తమ నర్సుల యూనిఫారాలు కుట్టేది మేమే కనుక, నన్ను ఎరగకపోయినా నా పనితనం తమరు రోజూ చూస్తూనే ఉంటారు. నా ఇబ్బందులను వరుసగా విన్నవించుకుంటున్నాను.

1. నా భార్య గొంతులో గడ్డ ఉందని, ఆపరేషన్ చేయవలెనని తమ డాక్టరు గారు నిర్ణయించిన మీదట, మమ్మల్ని హాలులో కూర్చోబెట్టి వీడియో చూపించడమైనది. అందులో బొమ్మ గొంతు తెరుచుకొనును, గడ్డ బయటకు వచ్చును, గొంతు మూసుకొనును. రక్తపు చుక్క కనపడదు. చివర ఒకావిడ తోటలో నడుస్తూ "ఇప్పుడు నేను హాయిగా ఉన్నాను" అనును. వీడియో బాగుంది. దాని మీద నాకు ఆక్షేపణ లేదు.

2. వీడియో అయ్యాక నవ్వు మొహం మీట గానీ ఏడుపు మొహం మీట గానీ నొక్కవలెను. నా భార్యకు ఉన్నది ఒక్కటే సందేహం. ఆపరేషన్ తర్వాత మాట వస్తుందా, రాదా? అది వీడియోలో లేదు. అందుచేత ఏడుపు మొహం నొక్కింది. అలా నొక్కినవారికి అర్థం కాలేదని భావించి వీడియో మొదటి నుంచి వేయవలెనని తమ నిబంధనట. వేశారు. మళ్ళీ ఏడుపు మొహమే నొక్కింది. మళ్ళీ వేశారు. వెనక జనం గొణగడం మొదలుపెట్టారు.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, ఆ నవ్వు మొహం నొక్కేద్దూ. నా నడుం పడిపోతోంది" అన్నాడొక పెద్దాయన.

"డాక్టరు గారిని ఒక్క మాట అడిగి వచ్చేస్తానమ్మా" అని మా ఆవిడ కౌంటరు దగ్గర పిల్లను బతిమాలింది.

"నవ్వు మొహం నొక్కితేనే ఆంటీ, మీ ఫైలు లోపలికెళ్ళేది" అంది ఆ పిల్ల. పాపం, ఆమె చేతిలో మాత్రం ఏముంది?

నొక్కింది. లోపల మా ఆవిడ నోరు తెరిచేలోగానే డాక్టరు గారు "వీడియోలో అన్నీ చెప్పారు కదమ్మా, తృప్తిగానే ఉందని కూడా నొక్కారు" అని సంతకం పెట్టించుకున్నారు. వెనకే ఇంకో ఫైలు వచ్చింది.

3. ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ పోయింది. దానితో పాటు స్వరపేటిక కూడా తీయక తప్పలేదని, ఇక మాట రాదని కుట్లు విప్పిన నర్సు చెప్పింది. కుట్లు చక్కగా పడ్డాయి, ఆ పని తెలిసినవాణ్ణి గనక ఒప్పుకుంటున్నాను. ముందే తెలిసినా మా ఆవిడ ఆపరేషన్‌కు ఒప్పుకునేదేమో. కానీ అయ్యా, తెలిసి ఉంటే లోపలికి వెళ్ళేముందు ఏదో ఒకటి చెప్పుకునేది కదా. స్ట్రెచరు మీద నుంచి నాతో అన్న ఆఖరి మాట, "ఇస్త్రీ పెట్టె ఆపొచ్చారా?" ఆపానన్నాను. అంతే.

4. దుకాణంలో ఆడవాళ్ళ కొలతలు పరదా వెనక ఆమె తీసి గట్టిగా చెప్పేది, ఇవతల నేను రాసుకునేవాణ్ణి. "నడుము ముప్పై! ఆగండాగండి, రాయకండి, ఈవిడ ఊపిరి బిగబట్టింది!" అని అరిచేది. లోపల నవ్వులే నవ్వులు. ఇప్పుడు గుడ్డముక్క మీద సుద్దతో అంకె రాసి పరదా కింద నుంచి తోస్తుంది. అంకెలు సరిగానే ఉంటాయి. దుకాణం మాత్రం చచ్చిపోయినట్టుంది.

5. ఇప్పటి ఇబ్బంది. నవ్వు మొహం నొక్కినవారిలోంచి మా ఆవిడను 'సంతృప్తి చెందిన రోగి'గా ఎంపిక చేశారట. కొత్త వీడియోలో తోటలో నడవాలని తమ వీడియో శాఖ కుర్రవాడు దుకాణానికి వచ్చి చెప్పాడు.

"ఆవిడకు మాట లేదు బాబూ" అన్నాను.

"ఫరవాలేదు సార్, పెదాలు కదిపితే చాలు. గొంతు ఎలాగూ వేరేవాళ్ళతో పెట్టిస్తాం" అన్నాడు. మంచివాడే. కెమెరాకు నీలం రంగు బట్టలు బాగుంటాయని కూడా చెప్పి వెళ్ళాడు.

కావున, మా ఆవిడను ఆ వీడియో నుంచి మినహాయించి, "మాట పోవచ్చు" అన్న ఒక్క ముక్క అందులో చేర్పించవలెనని ప్రార్థన. జరుగుతుందన్న ఆశ నాకు లేదు. కిందటిసారి అర్జీ తెచ్చినప్పుడు తమ కార్యాలయంలో 'అర్జీ పెట్టుకొను విధానం' అనే వీడియో చూపించి మీట నొక్కమన్నారు. వెనక చాలామంది నిలబడి ఉన్నారు. నవ్వు మొహమే నొక్కాను.

తీరిక దొరికితే చిత్తగించవలెను. దొరకకపోతే పారవేయకుండా ఏదో ఒక మూల ఉంచవలెను.

తమ విధేయుడు,
వెనక వీధి దర్జీ

తా.క. సంతకం పెట్టాక మా ఆవిడ ఇదంతా చదివి, కత్తిరించే బల్ల మీద సుద్దతో "నేను వెళ్తాను" అని రాసింది. ఎందుకే అన్నాను. "ఎవరి గొంతైనా సరే, నా నోట్లోంచి ఒక్కసారి వస్తే చూడాలనుంది" అని రాసి, నేను చూశాక చేత్తో తుడిచేసింది. నీలం గుడ్డ తీసి తన కొలతలు తనే తీసుకుంటోంది. కనుక అయిదో ఇబ్బందిని కొట్టివేయవలెను. గొంతు ఇచ్చే ఆవిడ ఎవరో గానీ, కాస్త పెద్ద గొంతు గలావిడను చూడండి. మా ఆవిడ పరదా వెనక మాట్లాడితే వీధిలోకి వినపడేది.