ఎడమవైపు కుంగిన బండి

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. తిండికీ నిద్రకూ లోటు లేకుండా ఉన్నాం. మీ ఇంట్లోనూ అంతా కులాసా అని తలుస్తాను.

బండిలో కాపురం ఎలా ఉందని అడిగావు. ఆయన రిటైరయ్యాక కొన్నామే, ఆ ఇల్లులాంటి బండిలో వంటా పడకా అన్నీ ఇమిడిపోయాయి. కాకపోతే ఈమధ్య తెల్లారేసరికి వెనక ఎడమవైపు కుంగిపోయేది. ఇద్దరం మంచం మీంచి గోడకు జారుకుని లేచేవాళ్లం. దీనికి చక్రాల దగ్గర స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. ఎక్కడో గాలి పోతోందన్నమాట.

బస్సు డిపోలో అంతకాలం మెకానిక్కుగా చేసిన మనిషి పక్కనుండగా నీకేం భయమని రాశావు. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదక్కా, ఆయనకు మతిమరుపు వచ్చింది. తాళాలు ఎక్కడో పెట్టి వెతుక్కునే రకం కాదు. ఇది ముదిరేదే గాని తగ్గేది కాదన్నాడు డాక్టరు.

నిన్న పొద్దున గాలి పోయేచోటు పట్టడానికి సబ్బునీళ్లు కలిపి బ్రష్షుతో సహా ఆయన చేతికిచ్చాను. కాసేపు ఆ నురగ కేసి చూసి, "ఉతకాల్సిన బట్టలేవీ?" అన్నారు.

ఎండగా ఉంది, కుర్చీలో కూర్చోండన్నాను. ఆయన పని చేస్తుంటే టార్చి పట్టుకుని నిలబడటమే నా చదువు. చట్రం కింద స్టాండ్లు పెట్టి, ఇంజను నడిపి గాలి నింపి, ఆపేసి కిందికి దూరాను. సంచి చుట్టూ సబ్బునీళ్లు రాశాను, ఏమీ లేదు. గొట్టం వెంబడి రాసుకుంటూ పోతే, అది సంచిలోకి దిగే బిగింపు దగ్గర బుడగలు పొంగాయి. గాలి వదిలేసి, గొట్టం పగిలిన కొసను తిన్నగా కోసి మళ్లీ లోపలికి నొక్కాను. గాలి నింపి రాస్తే ఒక్క బుడగ లేదు. ఇవాళ పొద్దున బండి సమంగానే ఉంది.

నేను బయటికొచ్చేసరికి ఆయన వంగి చూస్తున్నారు.

"పని బాగా వచ్చండీ మీకు. ఎవరు నేర్పారు?"

పెళ్లయిన నాటి నుంచి నన్ను 'ఏమే' తప్ప మరోలా పిలవని మనిషి.

"మావారు నేర్పారండీ."

"ఆయన కనబడరేం?"

"ఇక్కడే ఉన్నారండీ," అని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయాను. చాలాసేపు కడుక్కున్నాను.

అక్కా, బండి మీ ఇంటివైపు తిప్పుతున్నాను. నేనే నడుపుతాను. ఆయన నిన్ను ఎవరని అడిగితే, ఆయన ముందు ఏడవకు. వదినని చెప్పు. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పు.

ఇట్లు,
నీ దగ్గరికి బయలుదేరుతున్న
చెల్లెలు