సైకిల్ ట్యూబు వాషరు

ప్రేమగల అమ్మకు నీ కూతురు కరుణ వందనాలు. నేను క్షేమం. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మాత్రలు వేసుకుంటున్నావా, దిండు కింద దాస్తున్నావా? కంటి ఆపరేషను అయ్యాక పెద్దమ్మకు బాగా కనబడుతోందా?

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో మూడుసార్లు మొదలుపెట్టి, "అన్నం తిన్నావా" దగ్గరే ఆగిపోయాను. నీకు చదువు రాదు కాబట్టి దీన్ని అన్నయ్యే చదివి వినిపించాలి. నాన్న పోయిన దగ్గర్నుంచీ నువ్వు అన్నయ్యతో మాట్లాడటం లేదని తెలిసే రాస్తున్నాను. ఇంకెవరి చేతా చదివించుకోవద్దు.

ఇక్కడ కేరళలో వాన పట్టుకుంటే వదలదు. ఉతికిన బట్టలు ఆరవు. అన్నం మెతుకులు లావు, కూరల్లో కొబ్బరినూనె, కారం పేరుకే. మన పర్చూరు మిరపకాయ ఒక్కటి కొరికితే మా హాస్టలంతా నీళ్ళ కోసం పరుగెత్తుతుంది. ఆదివారం చర్చికి వెళ్తాను. పాటల భాష రాదు, ఊరికే పెదవులు కదుపుతాను. "ఆమేన్" ఒక్కటే అందరితో కలిసి అంటాను. అది అన్నప్పుడల్లా మీరు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. అయినా బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోవద్దు.

ఫ్యాక్టరీలో నాది ల్యాబు పని. రబ్బరులో గంధకం, మసి, ఇంకా ఏవేవో పొడులు కలిపి పైపులకూ మోటార్లకూ వాషర్లు చేస్తారు. ఏది ఏ నూనెకు, ఏ మందుకు తట్టుకుంటుందో చూడటం నా వంతు. చిన్న ముక్క కోసి, తూచి, ముంచి, మర్నాడు తుడిచి మళ్ళీ తూస్తాను. పని నేర్పే ఓమన మేడం మొదటి రోజే చెప్పారు, "రబ్బరంతా నల్లగానే ఉంటుంది కరుణా, రంగు చూసి నమ్మకు" అని.

పోయిన వారం ఆవిడ పురుగుమందుల్లో కలిపే ద్రావకం ఇచ్చి, రకరకాల ముక్కలు ముంచమన్నారు. వాటిలో సైకిల్ ట్యూబు ముక్క కూడా ఉంది. మర్నాడు తీసి చూస్తే అది ఉబ్బి, మెత్తబడి, చేతికి జిగురుగా తగిలింది. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఇది చూపిస్తామని మేడం నవ్వారు. నేను బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

ఎందుకో చెప్తాను అమ్మా. నాన్న మిరపతోటకు మందు కొట్టడానికి వెళ్ళిన ముందు రోజు, వీపుకు తగిలించుకునే ఆ స్ప్రేయరులో, పైపు మొదట్లో ఉండే వాషరు తెగిపోయింది. బజారుకు వెళ్ళడానికి బద్ధకించి, నేనే నా పాత సైకిల్ ట్యూబు కత్తిరించి గుండ్రంగా వాషరు చేసి బిగించాను. మనూళ్ళో అందరూ చేసేదే. నాన్న నీళ్ళు పోసి చూశాడు. చుక్క కారలేదు.

"ఏమేవ్, ఇటు రా! మనమ్మాయి కెమిస్ట్రీ ఊరికే చదవట్లేదే!" అని నిన్ను పిలిచి మరీ చూపించాడు.

నీళ్ళకు ఆగింది, మందుకు ఆగలేదు. మందు కారి వీపు తడుస్తుంటే చెమటనుకున్నాడో ఏమో, సాయంత్రం దాకా కొడుతూనే ఉన్నాడు. ఆ విషం ఒంట్లోకి ఎక్కి మూడో రోజు గుంటూరు ఆసుపత్రిలో పోయాడు. సమాధి దగ్గర నువ్వు అందరి ముందూ అన్నయ్యను చూపించి, "ఈడు ఫ్రెండు పెళ్ళని చీరాల పోకుండా తోటకి పోయుంటే నా మనిషి బతికుండేవాడు" అన్నావు. అన్నయ్య తలదించుకున్నాడు. నేను నోరెత్తలేదు. అప్పటికే స్ప్రేయరు కడుగుతుంటే ఆ వాషరు మెత్తగా, జిగురుగా చేతికి తగిలింది. తీసి దిబ్బలో పారేశాను. అనుమానం ఉండీ రెండేళ్ళు దాచాను. నేను పిరికిదాన్ని.

అన్నయ్యా, ఇక్కడ ఆపకు. ఈ ముక్క అమ్మకు వినబడేలా చదువు. అమ్మా, ఆ రోజు అన్నయ్య వెళ్ళినా అదే స్ప్రేయరు, అదే వాషరు. నాన్న ఉండేవాడు, కొడుకు పోయేవాడు. వాడి తప్పు ఏమీ లేదు.

కవరులో నాలుగు వాషర్లు పెట్టాను. మందుకు ఉబ్బనివి. నేనే ముంచి, తూచి చూశాను. అన్నయ్యా, ఇవే బిగించు. వీపు ఏ కొంచెం తడిసినా పని ఆపేసి, చొక్కా విప్పి సబ్బుతో కడుక్కో. ఇంకో రెండు సాళ్ళేగా అనుకోవద్దు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

పెద్దమ్మకూ పాస్టరుగారికీ నా వందనాలు చెప్పండి. అమ్మా, కోప్పడాలంటే నా మీద కోప్పడు. ఎన్నాళ్ళయినా పడతాను. ఉత్తరం చివర దీవెనలు అడగాలి, నాకు ముఖం చెల్లడం లేదు. ఇది చదివి ముగించేసరికి అన్నయ్య నీ ఎదురుగానే కూర్చుని ఉంటాడు. ముందు వాడి తల మీద చెయ్యి పెట్టు. నా సంగతి తరవాత చూద్దువుగాని.

ఇట్లు,
నీ కూతురు
కరుణ